బ్రష్ అక్షరం బోర్డెక్కే దాకా: తెలుగు బ్రష్ స్క్రిప్టు ఫాంటు వాడే పద్ధతి

హనుమకొండలోనైనా, కాజీపేటలోనైనా, వరంగల్ స్టేషన్ రోడ్డులోనైనా డీటీపీ సెంటర్లో కాసేపు కూర్చుంటే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "అన్నా, టైపు కొట్టినట్టు వద్దు, చేత్తోటి రాసినట్టు ఉండాలె." దుకాణం బోర్డుకైనా, పెళ్లి పత్రికకైనా, బతుకమ్మ ఫ్లెక్సీకైనా ఇదే కోరిక. కోరిక మంచిదే. ఫాంటు దొరకడమూ కష్టం కాదు. టైపు చేశాక ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, తెల్ల అంచు, నీడ, బంగారు రంగు అన్నీ తోడై చివరికి పేరే చదవరాకుండా పోతోంది. చిక్కంతా అక్కడే.

ఈ పని సక్రమంగా ఎట్లా చేయాలని డిజైన్ నేర్చుకుంటున్న పిల్లలు, కొత్తగా దుకాణం పెట్టేవాళ్లు పదే పదే అడుగుతున్నారు. అందుకే మొదటి నిర్ణయం నుంచి ప్రింటుకు ఫైలు ఇచ్చేదాకా వరుసగా రాస్తున్నాను. ఉదాహరణకు ఒక పిండివంటల దుకాణం అనుకుందాం. పేరు "అమ్మమ్మ సకినాలు". 10 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు బోర్డు.

1. ఫాంటు కంటే ముందు మాట తేల్చుకోండి

బోర్డు మీదికి ఎక్కే మాటలన్నీ ఒక కాగితం మీద రాయండి. పేరు, సరుకు, చిరునామా, ఫోన్ నంబరు, సమయాలు. వాటిలో బ్రష్ అక్షరాల్లోకి వెళ్లేది ఒక్కటే ఉండాలి. దాదాపు ఎప్పుడూ అది పేరే.

ఈ మార్గదర్శిలో మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. బ్రష్ అక్షరానికి గీత మందం మారుతుంటుంది, అక్షరం కొంచెం వాలుతుంది, చివర్లు విసిరినట్టు ఉంటాయి. పక్కన ఉన్నవి నిలకడగా ఉంటేనే ఆ కదలిక కంటికి ఆనుతుంది. చుట్టూ ఉన్న అక్షరాలు కూడా వాలుతూ విసురుతూ ఉంటే ఏదీ ఆనదు.

బ్రష్‌కు సరిపడేవి:
- రెండు మూడు పదాల్లోపు పేరు
- పత్రికలో వధూవరుల పేర్లు
- "బతుకమ్మ", "ఉగాది" లాంటి ఒంటి పదం
- సరుకు పొట్లం మీద పేరు

బ్రష్‌లో అసలు పెట్టకూడనివి:
- ఫోన్ నంబరు, ధర, తేదీ, ముహూర్తం
- చిరునామా
- డాక్టర్, లాయర్ బోర్డుల మీద చదువు, డిగ్రీలు
- ఒక వరుస దాటిన ఏ వాక్యమైనా

మేడారం జాతర ఫ్లెక్సీలనే చూడండి. రెండేళ్లకోసారి ములుగు దారంతా అవే. "సమ్మక్క సారలమ్మ" అన్నంత వరకు బ్రష్‌లో పెడితే నిండుగా ఉంటుంది. ఆ రెండు పేర్లలోనే మూడు ఒత్తులున్నాయి, అవి చాలు. "మేడారం మహా జాతరకు విచ్చేయుచున్న భక్తులకు స్వాగతం" అని మొత్తం బ్రష్‌లో కొడితే కదిలే బస్సులోంచి ఎవరూ చదవలేరు.

మన దుకాణం సంగతికొస్తే "అమ్మమ్మ" బ్రష్‌లో, "సకినాలు" కూడా బ్రష్‌లో. "గారెలు, అరిసెలు, పచ్చళ్లు" మామూలు అక్షరాల్లో.

2. ఫాంటును మీ పేరుతోనే పరీక్షించండి

ఫాంటు పేజీలో చూపించే నమూనా మాటను నమ్మకండి. దానికి బాగా కుదిరే అక్షరాలనే నమూనాలో పెడతారు. మీ పేరు టైపు చేసి చూడండి. ఆ తర్వాత ఈ కింది గుంపులు కూడా కొట్టి చూడండి. రేపు ఇంకో పని వచ్చినప్పుడు మళ్లీ వెతుక్కునే బాధ తప్పుతుంది.

తలకట్టు పరీక్ష: క, గ, త, ప, స, హ. తలకట్టు బ్రష్ విసురుతో పక్క అక్షరం మీదికి పోతోందా చూడండి. ప, స, హ లకు తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది. ఆ సందు పూడిపోతే "ప" కాస్తా "వ" లాగా కనబడుతుంది.

దీర్ఘాల పరీక్ష: కి–కీ, కె–కే, కొ–కో, మొ–మో. బ్రష్ ఫాంట్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య తేడా ఒక చిన్న మెలిక. వేగంగా గీసినట్టు కనిపించాలన్న తొందరలో ఆ మెలిక కరిగిపోతుంది.

మహాప్రాణాల పరీక్ష: ద–ధ–థ, డ–ఢ, ప–ఫ, చ–ఛ, ర–ఠ. ధ, ఢ, ఫ, ఛ ల కింద ఉండే చిన్న నిలువు గీత, థ, ఠ ల లోపలి చుక్క, 20 అడుగుల దూరం నుంచి కూడా తెలియాలి. తెలియకపోతే "ధనలక్ష్మి" పేరున్న దుకాణానికి ఆ ఫాంటు పనికిరాదు.

ఒత్తుల పరీక్ష: మ్మ, క్క, ల్ల, ద్ధ, ష్ట, శ్రీ, ప్ర, జ్ఞ, స్త్రీ, క్ష్మీ. మన దుకాణాల పేర్లలో శ్రీ, లక్ష్మీ ఎంత తరచుగా వస్తాయో తెలిసిందే. ఈ రెండూ సరిగా లేని ఫాంటును ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. "ప్ర"లో క్రావడి ఎడమ నుంచి చుట్టి వస్తుంది. వాలిన ఫాంట్లలో అది ముందున్న అక్షరాన్ని గుద్దుకుంటుంది.

పొల్లు పరీక్ష: ఎంటర్‌ప్రైజెస్, సూపర్‌మార్కెట్, టిఫిన్స్. "ర్" తర్వాత కనబడని విరుపు ఒకటి పెట్టకపోతే "ర్ప్రై" అని ముద్దయిపోతుంది. ఆ విరుపు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కీబోర్డులో అది లేకపోతే సరిగా టైపు చేసి ఉన్న మాటను ఎక్కడినుంచైనా కాపీ చేసుకుని అతికించండి. కొన్ని ఫాంట్లలో ఆ విరుపు దగ్గర డబ్బా కనబడుతుంది. అట్లాంటి చోట కర్వ్‌గా (టైపు చేసిన అక్షరాన్ని గీతల బొమ్మగా) మార్చాక ఆ డబ్బాను తీసేయాలి.

వాలు విషయంలో నా అభిప్రాయం ఖచ్చితం. ఇంగ్లీషు బ్రష్ స్క్రిప్టు బాగా వాలినా చెల్లుతుంది, ఎందుకంటే అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తాయి. తెలుగులో అక్షరం అక్షరం విడిగా, గుండ్రంగా ఉంటుంది. ఎక్కువ వాలిస్తే తలకట్టు ఒక దిక్కు, ఒత్తు ఒక దిక్కు అయి అక్షరం పడిపోతున్నట్టు ఉంటుంది. 10 డిగ్రీలకు మించి వాలిన తెలుగు ఫాంటును నేను ఎవరికీ సూచించను.

3. యూనికోడ్ ఫాంటా, అను ఫాంటా?

రెండూ వాడొచ్చు, రెండింటినీ కలిపి గందరగోళం చేసుకోవద్దు.

అను స్క్రిప్టు మేనేజర్, శ్రీలిపి లాంటి పాత పద్ధతుల్లో అలంకార ఫాంట్లు చాలా ఉన్నాయి. మన డీటీపీ సెంటర్లలో చేతులు వాటికే అలవాటు పడ్డాయి. బోర్డు వరకే పని అయితే ఇబ్బంది లేదు. అయితే ఆ మాటను తీసి వాట్సాప్‌లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల కుప్ప వస్తుంది. ఫాంటు లేని ఇంకో కంప్యూటర్లో ఫైలు తెరిచినా అదే గతి.

యూనికోడ్ అంటే ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ ఒకేలా గుర్తుపట్టే అక్షర పద్ధతి, కాబట్టి ఆ ఫాంటులో ఈ బాధ లేదు. గూగుల్ ఫాంట్స్‌లో సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ విడుదల చేసిన తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. వాటిలో "లక్కిరెడ్డి"కి చేతిరాత పోలిక ఉంది. "రవి ప్రకాష్" శీర్షికలకు, ఆహ్వానాలకు పనికొచ్చే అలంకార అక్షరం. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి కాబట్టి వ్యాపారానికి కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఇంగ్లీషు బ్రష్ ఫాంట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఉచితమని దొరికే వాటిలో చాలావాటికి "సొంత వాడకానికి మాత్రమే" అన్న షరతు ఉంటుంది. దుకాణం బోర్డు సొంత వాడకం కాదు. పసిఫికో, కౌషన్ స్క్రిప్ట్ లాంటివి ఓపెన్ లైసెన్సులో ఉన్నాయి, అవి చాలు.

4. సాఫ్ట్‌వేర్ సిద్ధం చేసుకోండి

ఒత్తులు విడిపోయి "అమ్‌మమ్‌మ" అని కనబడితే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. ముందు ఇవి చూడండి.

- ఫొటోషాప్, ఇన్‌డిజైన్: పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. పాత ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, టైప్ కిందికి వెళ్లి మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అన్నది ఎంచుకుని, కొత్త ఫైలు తెరిచి టైపు చేయాలి.
- ఇల్లస్ట్రేటర్: ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేయండి.
- కోరల్‌డ్రా: ఎక్స్6 కంటే పాతదైతే యూనికోడ్ తెలుగు నమ్మకంగా రాదు. అందులో అను ఫాంట్లే వాడండి, లేదా మాటను ఇంక్‌స్కేప్‌లో టైపు చేసి, పాత్‌గా మార్చి తెచ్చుకోండి.
- ఫోన్‌లో పిక్సెల్‌ల్యాబ్: ఫాంటు ఫైలును ఫోన్‌లోకి దించుకుని ఆప్‌లో జోడించుకోవచ్చు. వాట్సాప్ స్టేటస్‌కు చాలు. బోర్డు పని దీంతో చేయవద్దు.

5. అక్షరం ఎంత ఎత్తు ఉండాలి?

బోర్డు పనివాళ్లలో ఒక లెక్క ఉంది: చదివే దూరం ప్రతి 10 అడుగులకు అక్షరం ఎత్తు 1 అంగుళం. తెలుగులో ఈ ఎత్తును ఒత్తు, గుడి కలపకుండా "క" ఒంటికి మాత్రమే కొలవాలి. బ్రష్ అక్షరానికి నేను దీనికి సగం అదనంగా కలుపుతాను, ఎందుకంటే సన్నబడే చోట్ల గీత దూరానికి మాయమవుతుంది.

మన దుకాణం 60 అడుగుల రోడ్డు పక్కన ఉందనుకోండి. అవతలి వైపు నిలబడ్డ మనిషి చదవాలంటే 6 అంగుళాలు, బ్రష్‌కు కలిపితే 9 అంగుళాలు. పైన గుడి, కింద ఒత్తు, వాటి విసురు కలిపితే "అమ్మమ్మ సకినాలు" మొత్తం 18 నుంచి 20 అంగుళాలు తీసుకుంటుంది. బోర్డు ఎత్తు 36 అంగుళాలు. పైనా కిందా 3 అంగుళాల చొప్పున వదిలితే రెండో వరుసకు 10 అంగుళాలు మిగులుతాయి. అంటే పేరు ఒకే వరుసలో రావాలి. ఈ లెక్క ముందే వేసుకుంటే "పేరు రెండు వరుసల్లో పెట్టి, కింద మా ఐదుగురి ఫొటోలు కూడా పెట్టు" అన్నప్పుడు ఎందుకు కుదరదో నెమ్మదిగా చూపించి ఒప్పించవచ్చు.

రెండు వరుసలు తప్పనప్పుడు వరుసల మధ్య జాగా అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టండి. ఇంగ్లీషుకు సరిపోయే 120 శాతం తెలుగుకు సరిపోదు. పై వరుస ఒత్తులు, కింది వరుస గుడులు గుద్దుకుంటాయి. ఆ తర్వాత కంటితో సవరించండి. పై వరుసలో "మ్మ" ఒత్తు ఎక్కడ దిగుతోందో చూసి, కింది వరుసను అర అంగుళం పక్కకు జరిపితే ఆ ఒత్తు రెండు అక్షరాల మధ్య ఖాళీలో కూర్చుంటుంది. పాత గోడరాతల పెయింటర్లు ఇదే చేసేవారు. కాబట్టి వరుసలను సరిగ్గా నడిమధ్యకు తేవాలన్న పట్టుదల వదిలేయండి.

అక్షరాల మధ్య జాగా సంగతి: ఇంగ్లీషు కలిపిరాత ఫాంట్లలో ట్రాకింగ్‌ను సున్నా నుంచి కదపకండి, కొండీలు తెగిపోతాయి. తెలుగులో జత జతగా సవరించుకోవచ్చు.

6. తోడు అక్షరం ఎంచుకోవడం

బ్రష్ పేరు పక్కన నిలబడే రెండో ఫాంటు నిటారుగా, ఒకే మందంతో, ఏ అలంకారమూ లేకుండా ఉండాలి. నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, మండలి, ఇవి మూడూ మంచివి. గట్టిగా కనబడాలంటే రామభద్ర. ఒకటి ఎంచుకుని బోర్డు మొత్తం దాంతోనే ముగించండి.

తెలుగు, ఇంగ్లీషు రెండింట్లోనూ పేరు కావాలన్నప్పుడు రెండూ బ్రష్‌లో పెట్టొద్దు. తెలుగు బ్రష్‌లో, ఇంగ్లీషు చిన్నగా మామూలు అక్షరాల్లో. ఇంగ్లీషునే బ్రష్‌లో పెట్టాల్సి వస్తే మొదటి అక్షరం మాత్రమే పెద్దది. అన్నీ క్యాపిటల్స్‌లో పెడితే ఆ లిపి చదవడం కుదరదు, ఎందుకంటే ఆ క్యాపిటల్స్‌ను పక్కపక్కన నిలబడటానికి గీయలేదు.

7. టైపు చేసినదాన్ని చేతిరాతగా మార్చడం

చాలామంది వదిలేసే అంచె ఇది. నిజానికి పని నాణ్యత తేలేది ఇక్కడే, అందుకే దీని మీద ఎక్కువ సమయం పెట్టండి.

"అమ్మమ్మ" టైపు చేసి చూడండి. రెండు "మ్మ"లు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. చేత్తో రాసే మనిషి రెండుసార్లు ఒకే తీరుగా రాయడు. చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా "ఇది కంప్యూటర్‌దే" అని మనసుకు తట్టేది ఇందువల్లనే.

7.1 కర్వ్‌గా మార్చండి. ముందు మాటను ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి, తర్వాత స్పెల్లింగు మార్చాల్సి వస్తే అదే దిక్కు. కోరల్‌డ్రాలో కంట్రోల్+క్యూ, ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఓ, ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్.

7.2 అక్షరాలను విడదీయండి. కోరల్‌డ్రాలో బ్రేక్ అపార్ట్ కొడితే "స", "మ" ల లోపలి ఖాళీలు నిండిపోయి నల్ల ముద్దలవుతాయి. బయటి గీతనూ లోపలి గీతనూ కలిపి ఎంచుకుని కంబైన్ చేస్తే ఖాళీ తిరిగి వస్తుంది.

7.3 జంట అక్షరాల్లో ఒకదాన్ని మార్చండి. రెండో "మ్మ"ను 3 నుంచి 5 శాతం పెద్దది చేయండి. దాని ఒత్తును కాస్త కిందికి, కుడికి జరపండి. చివరి తోకను కొంచెం పొడిగించండి. ఇంతకంటే ఎక్కువ వద్దు.

7.4 పాదరేఖను కదిలించండి. అక్షరాలన్నీ ఒకే గీత మీద కూర్చోకుండా ఒకటి పైకి, ఒకటి కిందికి. కదలిక అక్షరం ఎత్తులో ఇరవయ్యో వంతు దాటితే తాగి రాసినట్టు అవుతుంది.

7.5 ఒక్క విసురు పెట్టండి. పేరు చివరి అక్షరం నుంచి, లేదా ఒక ఒత్తు నుంచి, పొడవాటి గీత ఒకటి. "సకినాలు"లో చివరి "లు" కొమ్ము దీనికి చక్కగా కుదురుతుంది. దాన్ని కిందికి తెచ్చి ఎడమవైపు లాగితే పేరు మొత్తానికి ఆధారం దొరుకుతుంది. రెండో విసురు పెట్టాలనిపిస్తే మొదటిది తీసేసి పెట్టండి.

7.6 అతికించండి. అన్నీ కుదిరాక వెల్డ్ లేదా యునైట్ చేయండి. ఒత్తు అక్షరం మీదికి ఎక్కినచోట, ఇంగ్లీషు అక్షరాలు కలిసేచోట లోపల దాగిన గీతలుంటాయి. అతికించకుండా అంచు గీత వేస్తే అవన్నీ అక్షరం మధ్యలో చారలుగా తేలతాయి.

దీనికి ఇంకో దారి ఉంది, వీలైతే అదే మంచిది: బోర్డులు రాసే పెయింటర్‌తోనే పేరు రాయించుకోండి. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గినా వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు షట్టర్ల మీద, గోడల మీద రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. తెల్ల డ్రాయింగ్ షీటు మీద నల్ల రంగుతో, ఫ్లాట్ బ్రష్‌తో ఒకసారి, రౌండ్ బ్రష్‌తో ఒకసారి, పేరు నాలుగైదు తీర్ల రాయమనండి. బోర్డుకు ఇచ్చే కూలి ఇవ్వండి, బేరమాడకండి. ఆ కాగితాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేసి కోరల్‌లో పవర్‌ట్రేస్‌తోగానీ ఇల్లస్ట్రేటర్‌లో ఇమేజ్ ట్రేస్‌తోగానీ గీతలుగా మార్చుకుంటే, ఇంకెవరి దగ్గరా లేని అక్షరం మీ దుకాణానికి దక్కుతుంది.

8. రంగు, వెనుక బొమ్మ

ఒక రంగు అక్షరం, ఒక రంగు నేపథ్యం. ఫైలును ఒకసారి బ్లాక్ అండ్ వైట్‌గా మార్చి చూడండి. పేరు అప్పుడూ స్పష్టంగా ఉంటే రంగులు సరిపోయినట్టే. ఎరుపు మీద ఆకుపచ్చ ఈ పరీక్షలో వెంటనే తేలిపోతుంది.

ఫొటో మీద బ్రష్ అక్షరం పెట్టాల్సి వస్తే, ఆ ఫొటోలో ఖాళీగా ఉన్న మూల వెతికి అక్కడ పెట్టండి. గుట్టగా పోసిన మిర్చి, పరిచిన సకినాలు, రామప్ప శిల్పాలు, ఇవి అక్షరం వెనకాల పనికిరావు. వంపుల మీద వంపులు పడి రెండూ పోతాయి.

9. ఎక్కడికి వెళ్తోందో దాన్నిబట్టి ఫైలు

ఫ్లెక్సీ. అసలు సైజులో 72 డీపీఐ చాలు. 10×3 అడుగులకు 8640×2592 పిక్సెళ్లు. రంగులు సీఎంవైకేలో (ప్రింటింగుకు వాడే నాలుగు రంగుల పద్ధతి). నాలుగు వైపులా మడతకు, రింగులకు జాగా ఎంత కావాలో ప్రెస్సువాళ్లను అడిగి వదలండి. విసిరిన తోక ఆ మడతలోకి పోకూడదు.

వినైల్ స్టిక్కర్. కటింగ్ ప్లాటర్ గీత ఎక్కడుంటే అక్కడ కోస్తుంది. వెల్డ్ చేయని అక్షరాన్ని మధ్యలోంచి కోసి పెడుతుంది. రంగు ఆరిపోయిన బ్రష్ చారల్లాంటి గరుకు అంచులున్న ఫాంటు దీనికి వద్దు. గీత మీద వేల మలుపు చుక్కలు (నోడ్లు) తయారై మిషను నత్తనడక నడుస్తుంది, సన్న ముక్కలు అతికించేటప్పుడు లేచిపోతాయి. నున్నటి అంచు ఎంచుకోండి.

యాక్రిలిక్, ఎల్ఈడీ అక్షరాలు. ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. "స" తలకట్టు విడి ముక్క, "మ్మ" ఒత్తు విడి ముక్క. ఒక్కో ముక్కకూ విడిగా బిగింపు, విడిగా వైరు కావాలి. ఖర్చు పెరుగుతుంది, ఏదో ఒకరోజు ఒక తలకట్టు ఊడిపడుతుంది. అందుకని డిజైన్‌లోనే తలకట్టును ఒంటికి, ఒత్తును పై అక్షరానికి చిన్న గీతతో కలిపేయండి. బ్రష్ రాతలో ఆ కలయిక సహజంగానే ఉంటుంది. సన్నబడే చోట్ల కూడా లోపల లైటు పట్టేంత వెడల్పు ఉండాలి. కనీస వెడల్పు ఎంతో డిజైన్ మొదలుపెట్టకముందే ఫ్యాబ్రికేటర్‌ను అడగండి.

పెళ్లి పత్రిక. పేర్లు 24 పాయింట్లకు తగ్గించకండి. బంగారు ఫాయిల్ వేస్తే "శ్రీ", "క్ష" ల లోపలి చిన్న ఖాళీలు పూడిపోతాయి, కాబట్టి వాటిని కాస్త వెడల్పు చేయాలి. "చి.", "చి.ల.సౌ." అన్నవి మామూలు అక్షరాల్లో చిన్నగా పెట్టండి. తల్లిదండ్రుల పేర్లు, ముహూర్తం, ఫంక్షన్ హాలు చిరునామా కూడా అంతే. పత్రిక పట్టుకుని దారి వెతుక్కునేది ముసలివాళ్లని మరిచిపోవద్దు.

ఫోన్ తెర. వాట్సాప్ డీపీలో పేరు గోరంత ఉంటుంది. పూర్తి పేరు బదులు మొదటి పదం చాలు. మన ఉదాహరణలో "అమ్మమ్మ" ఒక్కటే.

10. తరచూ వచ్చే తప్పులు, సర్దుబాట్లు

అక్షరం సన్నగా ఉందని బోల్డ్ బటన్ నొక్కడం. సాఫ్ట్‌వేర్ అన్ని వైపులా సమానంగా ఉబ్బిస్తుంది, బ్రష్ లక్షణం పోతుంది, లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. మందమైన ఇంకో ఫాంటు వెతకండి.

జాగా సరిపోలేదని పక్కలకు నొక్కడం. నిలువు గీతలు సన్నబడి అడ్డగీతలు లావుగా మిగులుతాయి. సైజు తగ్గించండి, లేదా పేరులోంచి "అండ్ సన్స్" లాంటి మాటను మామూలు అక్షరాల్లోకి దించండి.

తెల్ల అంచు, దాని మీద నల్ల అంచు, దాని వెనక నీడ. సినిమా పోస్టర్ చూసి అడిగే కోరిక ఇది. అంచు తప్పనిసరైతే ఒక్కటే పెట్టండి. అది అక్షరం బయటికి మాత్రమే పెరగాలి.

వంపు తిప్పడం. వాలుతూ ఉన్న బ్రష్ పేరును విల్లులా వంచితే ఒత్తులు ఒకచోట ఇరుక్కుంటాయి, తలకట్లు ఒకచోట విచ్చుకుంటాయి. వంపు కావాలంటే కింద ఉన్న మామూలు అక్షరాల వరుసను వంచండి.

ఒక మాటలో సరిగా కుదరని ఒత్తు. డబ్బాగానో విడిగానో వస్తే అదే ఫాంటులో ఇంకో మాటలోంచి ఆ ఒత్తును తెచ్చి అతికించండి. వేరే ఫాంటు నుంచి తెస్తే మందం కలవదు.

11. ప్రింటుకు ఇచ్చేముందు

పేరును ఏ4 కాగితం మీద తీసి గోడకు అంటించి, గది అవతలి మూల నుంచి చూడండి. తర్వాత, ఆ పేరు ముందు ఎప్పుడూ వినని మనిషి చేతికిచ్చి పైకి చదవమనండి. ఇంట్లోవాళ్లను అడగొద్దు, వాళ్లకు పేరు ముందే తెలుసు. చదివే మనిషి ఒక్క క్షణం ఆగిన అక్షరం ఏదో గుర్తుపెట్టుకుని దాన్ని మాత్రం సరిచేయండి.

- స్పెల్లింగు ఇద్దరు చూశారా? దీర్ఘాలు, ఒత్తులు ఒక్కొక్కటిగా
- బ్రష్‌లో ఉన్నది ఒక్క పేరేనా?
- జంట అక్షరాలు రెండూ ఒకేలా లేవు కదా
- అన్నీ కర్వ్‌గా మార్చి, వెల్డ్ చేశారా?
- లోపలి ఖాళీలు నిండిపోలేదు కదా
- ఫోన్ నంబరు మామూలు అక్షరాల్లో ఉందా? ఒకసారి ఆ నంబరుకు డయల్ చేశారా?
- ఫైలు పీడీఎఫ్‌లో ఒకటి, అసలు సాఫ్ట్‌వేర్ ఫైలు ఒకటి, టైపు చేసిన కాపీ ఒకటి దాచుకున్నారా?

బోర్డు చేయించుకునేవాళ్లు ఆ మూడు ఫైళ్లను తమ మెయిల్‌కు అడిగి తెప్పించుకోవాలి. రేపు కవర్ల మీద, బిల్లు పుస్తకం మీద, రెండో దుకాణం మీద అదే పేరు, అదే గీతతో రావాలంటే ఆ ఫైలే ఆధారం. డిజైన్ చేసినవాళ్లు అడగకముందే ఇచ్చేయడం మర్యాద.